అబ్దుస్సమద్ ఎవరు?

మన కళాశాలలో ప్రతి సంవత్సరం కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమం జరుగుతుంది. సభామందిరంలో ఒక్కొక్కరే లేచి తమ పేరు, ఊరు, ఇంట్లో మాట్లాడే భాష చెప్పాలి. మొదటి రెండు ప్రశ్నలు సరే. మూడవ ప్రశ్నను ఎవరు, ఏ సంవత్సరం చేర్చారో తెలియదు గాని సదుద్దేశంతోనే చేర్చి ఉంటారని నమ్ముతున్నాను. ఉర్దూ, తెలుగు విభాగాలు రెండూ ఉన్న కళాశాల గనుక ఎవరు ఏ విభాగానికి చెందుతారో తెలియడం అవసరమని భావించి ఉంటారు.

ఈ యేడు ఒక విద్యార్థి లేచి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. మూడవ ప్రశ్న దగ్గర క్షణకాలం ఆగి "ఉర్దూ" అన్నాడు. వేదికపై ఉన్న పెద్దలొకరు సంతోషించి ఆప్యాయంగా ఉర్దూలో ఏదో అడిగారు. అతడు జవాబు చెప్పలేదు, కూర్చోనూ లేదు. వెనుక వరుసల్లో నవ్వు మొదలయింది. పెద్దవారు కూడా చిరునవ్వు నవ్వి, "బైఠో బేటా" అన్నారు. అంతటితో ఆ ఘట్టం ముగిసిందనుకున్నాము.

మూడు రోజుల తరువాత అతడు నా గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "సార్, పేరుకు ముందు షేక్ అని చేర్చుకోవాలంటే ఏం చేయాలి?" అని అడిగాడు. పదవ తరగతి ధ్రువపత్రంలో ఉన్న పేరును మార్చడం అంత సులభం కాదని, గెజెట్ ప్రకటన మొదలైన తతంగం ఉంటుందని చెప్పి పంపాను. అతడు అడిగింది అది కాదని నాకు తెలుసు. తెలిసి కూడా కార్యాలయపు గుమాస్తా వలె సమాధానం చెప్పాను. ఎందుకు అలా చెప్పానో వివరించడానికే ఈ వ్యాసం. ఇందులో నా సొంత గొడవ కొంత చోటు చేసుకుంటుంది, పెద్దలు మన్నించాలి.

దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని ప్రభుత్వ జాబితాలో బి.సి.-బి వర్గం క్రింద కనిపించే పేర్లు మావి. నమాజు మాది, పండుగలు మావి, పేర్లు మావి. ఇంటి భాష మాత్రం తెలుగు. మా తాత విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. యంత్రాలు వచ్చి విల్లు మూలపడిన తరువాత మా నాయన పరుపులు కుట్టాడు. ఉర్దూ మాట్లాడే ముస్లిములు మమ్మల్ని చూసి, "మీకు భాషే రాదు, మీరేం ముస్లిములయ్యా" అని తమాషా చేస్తారు. హిందూ మిత్రులు నేను తెలుగు ఎమ్మే చదివానని తెలిసి, "మీకు ఇంత చక్కని తెలుగు ఎలా వచ్చింది?" అని ఆశ్చర్యపోతారు. మా అమ్మ నాకు నేర్పిన భాష నాకు ఎలా వచ్చిందని అడిగితే ఏం చెప్పాలి? మొదటివారి ఎగతాళి కంటే రెండవవారి మెప్పు ఎక్కువగా బాధించిన రోజులు కూడా ఉన్నాయి.

ఇటువంటి యువకుడు పట్నానికి వచ్చి కళాశాలలో చేరగానే కొత్త మనిషి కావాలనుకుంటాడు. వ్యక్తిత్వ వికాసం పేరిట ఉపన్యాసాలిచ్చే వక్తలు కూడా అదే ఉద్బోధిస్తారు. పాత చొక్కా విప్పినట్లు పాత మనిషిని విప్పి పారవేయమంటారు. వారి మాటల్లో కొంత మేలు లేకపోలేదు. నడక, నిలబడే తీరు, నలుగురిలో మాట్లాడే ధైర్యం అభ్యాసంతో వస్తాయి, రావాలి కూడా. అయితే పాత భయం చొక్కా వంటిది కాదు. అది చర్మం క్రింద ఉంటుంది. ఎంత మంచి షేర్వాణీ తొడిగినా దాని క్రిందనే ఉంటుంది.

షేర్వాణీ అన్నాను గనుక ఒక మహానుభావుని సంగతి చెప్తాను. ఆయన పేరు మీర్జా అసదుల్లా బేగ్ ఖాన్. లోకానికి గాలిబ్. నేను ఆయనను మొదట చదివింది ఉర్దూలో కాదు, తెలుగులో, దాశరథి కృష్ణమాచార్య గారి "గాలిబ్ గీతాలు" ద్వారా. చినగూడూరు వైష్ణవ కుటుంబంలో పుట్టి ఉర్దూను ప్రేమతో అభ్యసించిన దాశరథి గారు, ముస్లిము ఇంట పుట్టి ఉర్దూ రాని నాకు గాలిబును పరిచయం చేశారు. ఈ విచిత్రానికి ఒకప్పుడు సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు వారికి రుణపడి ఉన్నానని మాత్రమే అనుకుంటున్నాను.

గాలిబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో జన్మించాడు. అయిదేళ్ళ వయసు నాటికి తండ్రి పోయాడు. పెంచిన పినతండ్రి కూడా నాలుగేళ్ళకే పోయాడు. తాతగారింట పెరిగి, పదమూడవ యేట పెండ్లి చేసుకొని, కొద్దికాలానికే ఢిల్లీలో స్థిరపడ్డాడు. మొదట్లో ఆయన కవితానామం "అసద్". అదే పేరుతో మరొకరు కూడా వ్రాస్తుండగా, వారి నాసిరకం కవిత్వం తన ఖాతాలో పడుతున్నదని రోసి, ఇరవై యేళ్ళు నిండక ముందే "గాలిబ్" అని పెట్టుకున్నాడంటారు. గాలిబ్ అంటే అందరినీ మించినవాడు, విజేత. అనాథ బాలుడు తనకు తాను పెట్టుకున్న పేరు అది!

ఆ కాలపు ఢిల్లీలో కవికి ప్రతిష్ఠ తెచ్చే భాష పారసీకం. ఉర్దూలో ఎంత వ్రాసినా పారసీకంలో పాండిత్యం లేనివాడు పండితుడు కాడు. పండితుడు కావాలంటే ఉస్తాద్ ఉండాలి. "నీ గురువెవరు?" అన్నది ముషాయిరాలలో మొదటి ప్రశ్న. గురువు లేనివాణ్ణి "బే ఉస్తాదా" అనేవారు. మన తెలుగు కవులలో గురుపరంపర చెప్పుకోలేని వారిని చూసిన చూపే అది. ఈ ప్రశ్నకు గాలిబ్ ఒక జవాబు చెప్పాడు. ఇరాన్ నుండి అబ్దుస్సమద్ అనే మహాపండితుడు వచ్చాడనీ, ఆయన పూర్వాశ్రమంలో హోర్ముజ్ద్ అనే పార్శీ అనీ, తన చిన్నతనంలో రెండేళ్ళు తమ ఇంట ఉండి పారసీక రహస్యాలన్నీ బోధించాడనీ చెప్పాడు. ఎంత చక్కని గురువు! దేశం కాని దేశం నుండి వచ్చినవాడు. ప్రాచీన మతం, నవీన మతం రెండూ ఎరిగినవాడు. పైగా ఢిల్లీలో ఆయనను చూసినవారు ఎవరూ లేరు!

గాలిబ్ శిష్యుడైన హాలీ 1897లో వెలువరించిన "యాద్గారె గాలిబ్"లో ఒక విషయం వ్రాశాడు. తనకు దైవం తప్ప గురువు లేడనీ, అబ్దుస్సమద్ అనేది కల్పిత నామమనీ, గురువు లేనివాడని జనం అంటుంటే వారి నోరు మూయించడానికి ఒక గురువును సృష్టించవలసి వచ్చిందనీ గాలిబ్ ఒక్కొక్కప్పుడు అనేవాడట. హాలీ మాత్రం ఆ గురువు నిజంగా ఉన్నాడనే నమ్మాడు. తరువాతి పరిశోధకులలో ఖాజీ అబ్దుల్ వదూద్ వంటివారు అది కల్పనే అని వాదించారు. పండితుల తగవు పండితులకే వదిలివేద్దాం. నన్ను ఆకర్షించినది మరొకటి. అంతటి కవి, అంతటి అహంకారి, గురువు లేకుండా నేర్చుకోవడమే ఘనతగా చెప్పుకోవచ్చు గదా! చెప్పుకోలేకపోయాడు. "విజేత" అని పేరు పెట్టుకున్నవాడికి కూడా ఒక అబ్దుస్సమద్ కావలసి వచ్చాడు.

నాకూ ఒక అబ్దుస్సమద్ ఉన్నాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో అధ్యాపకుల గదిలో ఒక పెద్దాయన నా ఇంటి భాష గురించి అడిగారు. బస్సులో వస్తూ ఇటువంటి ప్రశ్న రాకుండా ఉండదని ఊహించి జవాబు సిద్ధం చేసుకొన్నాను. "మా తాత హైదరాబాదులో మున్షీగా పని చేసేవారండి, ఆ రోజుల్లో ఇంట్లో ఉర్దూయే, తరువాత పల్లెలో స్థిరపడి మరచిపోయాం" అన్నాను. దూదేకే విల్లు ఒక్క క్షణంలో కలమైపోయింది. నేను కోరినదానికంటే ఎక్కువ గౌరవం లభించింది. అప్పటి నుండి నేను "మున్షీ గారి మనవడిని". నాలుగేళ్ళు ఆ బిరుదు మోశాను. పండుగకు ఊరికి వెళ్ళినపుడు గోడకు వేలాడుతున్న విల్లు వైపు చూడడం మానుకున్నాను. ఒకసారి మా జేజి, "ఏం నాయనా, ఆ గోడ దిక్కు తిరగవేం, దయ్యముందా?" అని కూడా అడిగింది.

ఒకనాడు ఒక ఉర్దూ విద్వాంసుడు అతిథిగా వచ్చారు. సహాధ్యాపకులు ఎంతో ప్రేమతో నన్ను మున్షీ గారి మనవడినని పరిచయం చేశారు. ఆయన నా చేయి పట్టుకొని చాలాసేపు మాట్లాడారు. ఆ వాక్ప్రవాహంలో "దాదా", "సాల్" అనే రెండు మాటలు మాత్రం నాకు అందాయి. చివర ఆయన ఆగి నా ముఖం చూశారు గనుక ప్రశ్న అయి ఉంటుందని గ్రహించి, చిరునవ్వుతో "అల్‌హందులిల్లాహ్" అన్నాను. ఆయన నిర్ఘాంతపోయి చేయి వదిలేశారు. మీ తాతగారు కాలం చేసి ఎన్నేళ్ళయిందని అడిగారని తరువాత తెలిసింది. తాత మరణానికి దైవస్తుతి చేసిన మనవణ్ణి ఆయన మరెక్కడా చూసి ఉండరు!

ఈ సంగతి వ్రాస్తూ నాకూ నవ్వు వస్తున్నది. ఆనాడు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆశ్చర్యమేమంటే, మరునాడు కూడా నేను నిజం చెప్పలేదు. ఆ సంగతి అంతటితో అణగారిపోవాలని మాత్రం కోరుకున్నాను.

ఇంతవరకు చెప్పినది నవ్వుకోదగినదే. కల్పిత గురువు వలన గాని, కల్పిత మున్షీ వలన గాని లోకానికి నష్టమేమీ లేదు. నష్టం మరొక చోట ఉన్నది. అది చెప్పడానికి గాలిబ్ వెంట కలకత్తా వెళ్ళాలి.

పినతండ్రి జాగీరు వలన రావలసిన పింఛను కోసం గాలిబ్ 1826లో ఢిల్లీ నుండి బయలుదేరి, దారిలో లక్నో, బనారసు మొదలైన చోట్ల ఆగుతూ 1828లో కలకత్తా చేరాడు. అక్కడి ముషాయిరాలో ఆయన పారసీక కవితలోని ప్రయోగాలను కొందరు తప్పుపట్టారు. వారు ప్రమాణంగా చూపినది మీర్జా ఖతీల్ అనే కవిని. గాలిబుకు కోపం వచ్చింది. ఫరీదాబాదు ఖత్రీ మాట నాకు ప్రమాణమా అని ఈసడించాడు. ఖతీల్ నిజంగానే ఖత్రీ కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, పేరు మార్చుకొని, పారసీకాన్ని కష్టపడి నేర్చి పండితుడైనవాడు. తనను తాను తిరిగి మలచుకున్నవాడంటే అతడే గదా! గాలిబుకు అతడు అన్న కావలసినవాడు. ఆగ్రాలో పుట్టిన గాలిబుకు గాని, ఫరీదాబాదు ఖతీలుకు గాని పారసీకం ఉగ్గుపాలతో వచ్చింది కాదు. కాని నేర్చుకున్నవాడు నేర్చుకున్నవాణ్ణే ఎక్కువగా అసహ్యించుకుంటాడు. అతని ముఖంలో తన ముఖం కనిపిస్తుంది గనుక. గొడవ పెరగగా గాలిబ్ "బాదె ముఖాలిఫ్" అనే మస్నవీ వ్రాసి క్షమాపణ వంటిది చెప్పుకున్నాడు. అది క్షమాపణయో, ఎత్తిపొడుపో చదివినవారు ఇప్పటికీ తేల్చుకోలేరు.

ఈ గాయం మానలేదు. మూడు దశాబ్దాలు గడిచాయి. చక్రవర్తి బహదూర్ షా జఫర్ 1850లో బిరుదులిచ్చాడు. 1854లో జౌక్ మరణించిన తరువాత చక్రవర్తికే ఉస్తాద్ అయ్యాడు. ఇక ఏం కావాలి? అయినా అరవై దాటిన వయసులో 1862లో "ఖాతె బుర్హాన్" అనే గ్రంథం ప్రకటించి ఒక పాత పారసీక నిఘంటువు మీద విరుచుకుపడ్డాడు. ఆ నిఘంటువు పేరు "బుర్హానె ఖాతె". అది పుట్టినది ఎక్కడో కాదు, మన గోల్కొండ రాజ్యంలో. 1652 ప్రాంతంలో ముహమ్మద్ హుసేన్ అనే పండితుడు కూర్చి అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితం చేశాడు. ఆ పండితుడు తన పేరు చివర "తబ్రీజీ" అని పెట్టుకున్నాడు. గాలిబ్ అది ఒప్పుకోలేదు. నీవు తబ్రీజు వాడివి కావు, దక్కనీవి అన్నాడు. అంటే ఆ గోల్కొండ పండితునికి తబ్రీజు ఒక అబ్దుస్సమద్! గాలిబ్ దానిని పసిగట్టి బయటికి లాగాడు. ప్రత్యర్థులు ఊరుకోలేదు. గ్రంథాల మీద గ్రంథాలు వచ్చాయి. దూషణ ఎంతవరకు పోయిందంటే 1867లో గాలిబ్ పరువునష్టపు దావా వేసి, మరుసటి యేడు ఉపసంహరించుకున్నాడు. 1869 ఫిబ్రవరి 15న మరణించాడు. ఒక మహాకవి జీవితపు చివరి సంవత్సరాలు, ఎవరు నిజమైన పారసీకులు, ఎవరు కారు అన్న తగవులో ఎంతగా వ్యర్థమయ్యాయో చూడండి.

వింత ఏమంటే, తన ఉర్దూ జాబులను అచ్చు వేస్తామని 1858లో మిత్రులు అడిగితే గాలిబ్ వద్దన్నాడు. అవి తన కీర్తికి తగవనుకున్నాడు. ఎదురుగా కూర్చొని కబుర్లు చెప్పినట్లు, అప్పులు, జ్వరాలు, మామిడిపండ్లు, కారుతున్న ఇంటికప్పు గురించి వ్రాసిన జాబులవి. వాటిలో అబ్దుస్సమద్ అవసరం రాలేదు. చివరకు ఒప్పుకోగా ఒక సంపుటం ఆయన మరణానికి కొన్ని నెలల ముందు, మరొకటి మరణానంతరం వెలువడ్డాయి. పారసీక దివాన్‌ను నేడు పండితులు చదువుతున్నారు. ఆ జాబులను, ఉర్దూ గజళ్ళను అందరూ చదువుతున్నారు.

ఇక నా నేరం చెప్పాలి. ఖతీల్ కథ చదివిన రాత్రి నాకు గుర్తుకు వచ్చినది మున్షీ తాత కాదు, ఉర్దూ మాట్లాడే ఇంటి నుండి వచ్చి తెలుగు ద్వితీయ భాషగా తీసుకున్న ఒక విద్యార్థి. అతనికి ళకారం పలకదు, ణకారం పలకదు. "కళ్ళు" అనవలసిన చోట "కల్లు" అంటాడు. తరగతిలో పద్యం చదవమన్నాను. చదివాడు. నేను అతని ఉచ్చారణను అనుకరిస్తూ అదే పద్యం తిరిగి చదివాను. తరగతి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నాకెంతో తృప్తి కలిగింది. ఏమిటి ఆ తృప్తి? ఆనాడు అతిథి ముందు నేను పడిన అవమానానికి బాకీ వసూలు చేసుకున్నాను. ఎవరి వద్ద? ఏ పాపమూ ఎరుగని పద్దెనిమిదేళ్ళ పిల్లవాని వద్ద. అతడు మరుసటి సెమిస్టరులో తెలుగు వదిలేశాడు. కారణం అడగలేదు. అడగవలసిన అవసరం లేదు గనుక.

మనిషి తనను మలచుకోవడం తప్పని నేను అనను. షేక్ అని చేర్చుకున్నా, ఉచ్చారణ దిద్దుకున్నా, మున్షీ తాతను కల్పించుకున్నా అది అతని ఇష్టం. ఎదుటివాడు అడిగే ప్రశ్నలోనే క్రౌర్యం ఉన్నపుడు అబద్ధం చెప్పినవాణ్ణి ఒక్కణ్ణే నిందించడం న్యాయం కాదు. కాని తన లోటును దాచుకున్నవాడు అదే లోటు మరొకరిలో కనిపిస్తే ఊరుకోడు. వాణ్ణి నలుగురిలో నిలబెట్టి చూపిస్తాడు. నా మీదికి చూపు రాకుండా అది ఒక ఉపాయం. మన సభామందిరంలో వెనుక వరుసలో నవ్వినవారందరూ ఉర్దూ గడగడా మాట్లాడేవారే అనుకుంటున్నారా? అధ్యాపకుల వరుసలో కూర్చొని చూశాను. గట్టిగా నవ్వినవారిలో ముగ్గురు మా వాళ్ళే. వారి ధ్రువపత్రాలు నాకు తెలుసు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. పరిచయ కార్యక్రమంలో మూడవ ప్రశ్న తీసివేయండి. ఎవరు ఏ విభాగమో ప్రవేశ దరఖాస్తులో ఉన్నది. కార్యాలయానికి తెలిస్తే చాలు. అదే విధంగా, ప్రవేశాల సమయంలో గుమాస్తాలు కుల ధ్రువపత్రాన్ని బిగ్గరగా చదవడం ఏ నిబంధనలోనూ లేదు. "బి.సి.-బి, దూదేకుల" అన్న పిలుపు విని వరుసలో నిలబడిన తండ్రి తల దించుకోవడం నేను చూశాను. ఇవి డబ్బు ఖర్చు లేని పనులు. ఇంటి భాష ఏదైనా రెండవ భాషను మొదటి నుండి నేర్చుకోదలచినవారికి సాయంకాలం ఒక తరగతి పెట్టగలిగితే మరీ మంచిది. అందులో ఉర్దూ నేర్చుకునేవారి వరుసలో మొదట నేనే కూర్చుంటాను.

ఆ విద్యార్థిని గత నెలలో పిలిపించి, గెజెట్ సంగతి కాకుండా ఈ సంగతులన్నీ చెప్పాను. విల్లు, మున్షీ, అల్‌హందులిల్లాహ్, అన్నీ. అతడు చాలాసేపు నవ్వాడు. తరువాత, "గాలిబ్ అయినాక అసద్ అనే పేరు పూర్తిగా వదిలేశాడా సార్?" అని అడిగాడు. లేదు, ఛందస్సులో గాలిబ్ ఇమడని చోట అసద్ అనే వేసుకునేవాడని చెప్పాను. పేరు మార్పు దరఖాస్తు నమూనా ఇమ్మన్నాడు, ఇచ్చాను. దానిని ఏం చేశాడో నేను అడగలేదు.

తెలుగు వదిలేసిన రెండవ విద్యార్థి ఇప్పుడు తృతీయ సంవత్సరంలో ఉన్నాడు. గ్రంథాలయం మెట్ల మీద అతణ్ణి ఆపి, తరగతిలో చేసినదానికి క్షమించమన్నాను. "పర్వాలేదు సార్" అని చప్పున వెళ్ళిపోయాడు. మూడవ ప్రశ్న విషయం కమిటీ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతూ ప్రిన్సిపాల్ గారికి వ్రాతపూర్వకంగా విన్నవించాను. కొత్త విద్యార్థులు రావడానికి ఇంకా రెండు నెలల వ్యవధి ఉన్నది.